కొండ నేల పులుపుకు విరుగుడు

కొత్తగా నరికి కాల్చిన పోడులో మొదటి ఏడు సామలు బాగా పండుతాయి. రెండో ఏడు ఫరవాలేదనిపిస్తాయి. మూడు నాలుగేళ్లు తిరిగేసరికి పడ్డ కష్టానికి కూలి కూడా గిట్టదు. ‘నేల చచ్చిపోయింది’ అని దాన్ని వదిలేసి పక్క వాలు మీదికి పోవడం తాతల నాటి అలవాటు. పదీ పదిహేనేళ్లు వదిలేస్తే అడవి మళ్లీ లేచేది, నేల కోలుకునేది.

ఇప్పుడు ఆ వీలు లేదు. 2006 అటవీ హక్కుల చట్టం కింద పట్టా వచ్చిన భూమికి హద్దులు ఉన్నాయి. ఆ హక్కు పిల్లలకు సంక్రమిస్తుంది గాని అమ్ముకోవడానికి, మార్చుకోవడానికి వీల్లేదు. ఉన్న ఎకరమో రెండెకరాలో అదే మనకు, మన తర్వాత వాళ్లకు. మనం నేలను మార్చలేం కనుక నేల గుణాన్నే మార్చుకోవాలి. నిజానికి అది చావలేదు, పులిసింది. పాడేరు, అరకు, చింతపల్లి వంటి చల్లని కొండ ప్రాంతాల మెట్టల్లో పంట తగ్గడానికి ఉన్న కారణాల్లో ఈ పులుపు ముఖ్యమైనది. చాలామంది దీన్ని గుర్తించరు. గుర్తిస్తే విరుగుడు చేతిలోనే ఉంది.

నేల ఎందుకు పులుస్తుంది?

తూర్పు కనుమల పైభాగం సముద్ర మట్టానికి 800 నుంచి 1,100 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఏడాదికి 1,200 మిల్లీమీటర్లకు పైగా వాన పడుతుంది. వాన నీరు మట్టిలోంచి కిందికి ఇంకుతూ సున్నం (కాల్షియం), మెగ్నీషియం, పొటాష్ వంటి క్షార పదార్థాలను కరిగించి గెడ్డల్లోకి తీసుకుపోతుంది. అవి ఖాళీ చేసిన చోట్లోకి ఉదజని, అల్యూమినియం చేరతాయి. పులుపు అంటే ఇదే.

దీనికి తోడు మన కొండల రాయి స్వభావం ఒకటుంది. ఇక్కడ ఎక్కువగా ఉన్నది ఖొండలైట్, చార్నొకైట్ రాయి. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరు మీదనే ఖొండలైట్‌కు ఆ పేరు వచ్చింది. సున్నపురాయి నుంచి పుట్టిన నేలలో సున్నం సహజంగానే ఉంటుంది. ఖొండలైట్ నుంచి పుట్టిన ఎర్ర గరప నేలలో ఆ నిల్వ తక్కువ. కొండ నెత్తిన బాక్సైట్ కనపడుతుంది చూడండి, లక్షల ఏళ్ల పాటు వాన కడిగి కడిగి క్షారాలన్నీ పోయాక మిగిలిన ఇనుము, అల్యూమినియమే అది. మన చేలల్లో జరుగుతున్నదీ అదే పని. అక్కడ పూర్తయింది, ఇక్కడ నడుస్తోంది.

అడవి ఉన్నంత కాలం ఈ నష్టం తెలియదు. చెట్ల వేర్లు లోతు నుంచి సున్నం, పొటాష్ పైకి తెచ్చి ఆకుల్లో నింపుతాయి. ఆకు రాలి కుళ్లి మళ్లీ పైమట్టికే చేరుతుంది. చెట్టు పోతే ఆ చక్రం తెగిపోతుంది. మనం కోసి తెచ్చుకునే గింజ, దుంప, చొప్పతో కూడా కొంత క్షారం చేను దాటి ఇంటికి వచ్చేస్తుంది. యూరియా, అమ్మోనియం సల్ఫేట్, డి.ఎ.పి. వంటి ఎరువులు మట్టిలో మారేటప్పుడు ఇంకొంత పులుపు పుడుతుంది.

పోడు బూడిదలో ఉన్న కిటుకు

కొత్త పోడు ఎందుకు పండుతుందో ఇప్పుడు తెలుస్తుంది. చెట్లలో ఏళ్ల తరబడి దాచిన సున్నం, పొటాష్ కాల్చగానే బూడిదగా నేల మీద పడతాయి. నేల పులుపు ఒక్కసారిగా తగ్గుతుంది. మొదటి పంట తినేది ఆ బూడిదనే. రెండు మూడు వానాకాలాల్లో ఆ బూడిద కొట్టుకుపోతుంది, నేల మళ్లీ మొదటికి వస్తుంది. పైగా నీడ, ఆకు తొడుగు పోవడం వల్ల పైన నల్లగా ఉండే అడవి మట్టి కూడా కరిగిపోయి, కింది ఎర్రమట్టి, రాయి బయటపడతాయి.

అంటే తాతలకు తెలియకుండానే వాళ్లు చేస్తున్నది సున్నం వేయడమే. అడవిని కాల్చకుండా అదే పని చేయడం ఎలా అన్నదే ఈ పాఠం.

పులుపు పంటను ఏం చేస్తుంది?

నేల పులుపును ‘ఉదజని సూచిక’తో కొలుస్తారు. భూసార పరీక్ష కార్డులో దాన్ని పి.హెచ్. అని రాస్తారు. 7 ఉంటే తటస్థం. అంతకంటే తగ్గేకొద్దీ పులుపు పెరుగుతుంది. ఇక్కడ ఒక్క విషయం బాగా గుర్తుంచుకోవాలి. సూచిక ఒక్క అంకె తగ్గితే పులుపు పది రెట్లు పెరిగినట్టు. 6.5 ఉన్న నేల కంటే 5.5 ఉన్న నేల పది రెట్లు, 4.5 ఉన్నది నూరు రెట్లు పులుపు. అందుకని 5.8కీ 5.1కీ తేడా కొంచెమే కదా అని తీసిపారేయకండి.

సూచిక 5.5 కంటే దిగితే మట్టిలోని అల్యూమినియం కరగడం మొదలవుతుంది. 5 కంటే దిగితే ఎక్కువగా కరుగుతుంది. వంటగిన్నెలు చేసే ఆ లోహమే. మట్టిలో గట్టిగా ఉన్నంత వరకు దాని వల్ల హాని లేదు. కరిగిందంటే వేరు కొనలకు విషం. వేరు పొడుగు సాగదు, పొట్టిగా లావుగా గోధుమ రంగుకు తిరుగుతుంది, సన్నని పీచు వేర్లు రావు. వేరు అలా కుంటుపడిన మొక్కకు పది రోజులు వాన లేకపోయినా వాడు తప్పదు. పక్కన గెడ్డ పారుతున్నా మన మెట్ట పైరు ముందే వాడిపోవడానికి ఇదొక కారణం.

రెండో నష్టం భాస్వరానికి. పులుపు నేలలో ఇనుము, అల్యూమినియం కలిసి భాస్వరాన్ని పట్టి బంధించేస్తాయి. బస్తా కొని వేసినా మొక్కకు అందేది కొంతే. మూడో నష్టం పప్పు జాతి పంటలకు. వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని పట్టి ఇచ్చే రైజోబియం పులుపులో బతకలేదు. దానికి కావలసిన మాలిబ్డినం కూడా పులుపు నేలలో మొక్కకు దొరకదు.

చేలో కనపడే గుర్తులు

మొక్కజొన్న, చోడి లేత పైరు ఆకులు ఊదా రంగుకు తిరిగితే భాస్వరం అందడం లేదని అర్థం. చలి ఎక్కువగా ఉన్న రోజుల్లో కూడా ఈ రంగు వస్తుంది. చలి తగ్గినా పోకపోతే అనుమానించండి.

కంది, వేరుశనగ మొక్కను 40 రోజుల వయసులో మట్టితో సహా తవ్వి తీసి, నీళ్లలో ముంచి కడగండి. బుడిపెను గోటితో చీల్చి చూడండి. లోపల గులాబీ రంగు ఉంటే పని చేస్తున్నట్టు. తెల్లగానో ఆకుపచ్చగానో ఉన్నా, అసలు బుడిపెలే లేకపోయినా పని జరగడం లేదు. వేర్లు పొట్టిగా, అరిగిన చీపురు కట్టలా ఉంటే అది అల్యూమినియం పని కావచ్చు.

గుర్తులు అనుమానం పుట్టించడానికి మాత్రమే. నిర్ధారణకు మట్టి పరీక్షే దారి.

మట్టి నమూనా తీసే పద్ధతి

కొండ చేను అంతా ఒకే రకంగా ఉండదు. పై వాలు, నడిమి వాలు, కింది పల్లం మూడింటికీ మూడు నమూనాలు వేరుగా తీయాలి. ఒక్కో భాగంలో 8 నుంచి 10 చోట్ల ‘వి’ ఆకారంలో 6 అంగుళాల లోతు గుంట తీసి, గుంట గోడ నుంచి పైనుంచి కిందికి ఒకే మందాన మట్టిని గీకి తీయాలి. అంతా కలిపి గుడ్డ మీద పరిచి నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు భాగాలు రెండు పారేయాలి. అర కిలో మిగిలే వరకు ఇలా చేసి నీడన ఆరబెట్టాలి. గట్ల దగ్గర, చెట్ల కింద, పెంట వేసిన చోట, కట్టెలు కాల్చిన చోట తీయవద్దు. బూడిద పడ్డ చోట తీస్తే చేను అంతా బాగుందని తప్పుడు లెక్క వస్తుంది.

నమూనాను రైతు సేవా కేంద్రంలో ఇవ్వవచ్చు. 2015లో మొదలైన భూసార కార్డుల పథకంలో 12 అంశాలు చూస్తారు. అందులో ఉదజని సూచిక, సేంద్రియ కర్బనం, భాస్వరం, బోరాన్ మనకు ముఖ్యం. సూచిక 5.5 లోపు వస్తే ‘ఎకరాకు సున్నం ఎంత కావాలో చెప్పండి’ అని ప్రత్యేకంగా అడగండి. సూచిక ఒకటే అయినా జిగట మట్టికి ఎక్కువ సున్నం, ఇసుక గరపకు తక్కువ సున్నం కావాలి. అందుకే సూచిక చూసి సున్నం మోతాదు ఊహించకూడదు.

రాళ్ల లెక్క వేయడం మరవకండి

కొండ రైతుకు మాత్రమే వర్తించే మాట ఇది. పరీక్ష కేంద్రంలో మీ మట్టిని 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, రాళ్లు పారేసి, మిగిలిన మెత్తని మట్టినే పరీక్షిస్తారు. ఎకరాకు చెప్పే మోతాదు కూడా ఆరంగుళాల లోతున అంతా మట్టే ఉందన్న లెక్క మీద చెబుతారు. మీ చేలో మూడో వంతు రాయి ఉంటే పులుపు విరవాల్సిన మట్టి మూడింట రెండు వంతులే. రాయికి సున్నం అక్కర్లేదు.

అంచనా వేయడం తేలిక. చేలో మూడు నాలుగు చోట్ల అడుగు పొడవు, అడుగు వెడల్పు, అరడుగు లోతు గుంట తవ్వండి. వచ్చిన మట్టిని చోళ్లు మాత్రమే జారిపోయే జల్లెడతో పట్టండి. పైన మిగిలిన రాళ్లు ఒకే చెంబుతో ఎన్ని చెంబులు, కింద పడ్డ మట్టి ఎన్ని చెంబులు కొలవండి. రాళ్లు నాలుగు, మట్టి ఎనిమిది చెంబులు వస్తే మూడో వంతు రాయి ఉన్నట్టు.

ఉదాహరణకు పరీక్ష కేంద్రం ఎకరాకు 12 క్వింటాళ్ల సున్నం రాసిందనుకోండి. మూడో వంతు రాయి తీసేస్తే కావలసింది 8 క్వింటాళ్లు. నాలుగు క్వింటాళ్ల ఖర్చు, మోత మిగిలాయి. రాసిన 12 క్వింటాళ్లూ వేసేస్తే ఇంకో నష్టం కూడా ఉంది. ఉన్న కొద్ది మట్టికి సున్నం ఎక్కువై జింకు, ఇనుము, మాంగనీసు పైరుకు అందకుండా పోతాయి. అందుకే ‘ఎక్కువ వేస్తే ఎక్కువ మేలు’ అన్న మాట సున్నానికి పనికిరాదు.

ఏ సున్నం, ఎప్పుడు?

మంచిది సున్నపురాయి పొడి. డోలమైట్ పొడి దొరికితే ఇంకా మంచిది, సున్నంతో పాటు మెగ్నీషియం కూడా ఇస్తుంది. పొడి పిండిలా మెత్తగా ఉండాలి. రవ్వలా ఉంటే ఏళ్లు గడిచినా సగం కరగదు. కొనేటప్పుడు గుప్పెడు తీసి వేళ్ల మధ్య నలిపి చూడండి. కాగితం మిల్లుల్లో మిగిలే సున్నపు మడ్డి కూడా పులుపు విరుస్తుంది. ఒడిశా కొండ జిల్లాల్లో దాని మీద ప్రయోగాలు జరిగాయి. అయితే అది పరీక్ష చేయించినదై ఉండాలి.

గోడలకు వేసే సున్నం ఘాటైనది. 100 కిలోల సున్నపురాయి పొడి చేసే పనిని 74 కిలోల తడిపిన సున్నం, 56 కిలోల కాల్చిన పొడి సున్నం చేస్తాయి. కాల్చిన సున్నం చేతులను, కళ్లను కాలుస్తుంది, మొలకను మాడుస్తుంది. కొత్తవాళ్లు దాని జోలికి పోకపోవడం మంచిది.

సున్నం పని చేయడానికి తడి కావాలి. మే నెలలో వేసవి జల్లులు పడగానే, విత్తడానికి రెండు నుంచి నాలుగు వారాల ముందు చల్లి, దున్ని, మట్టిలో కలపాలి. ఉత్త దుమ్ములా పైన వదిలేస్తే గాలికి, తొలి వరదకు పోతుంది. గాలి లేని ఉదయం పూట, ముక్కుకు గుడ్డ కట్టుకుని చల్లండి.

మోత తక్కువ పద్ధతి: సాలులో సున్నం

ఎనిమిది క్వింటాళ్లంటే 50 కిలోల బస్తాలు పదహారు. రోడ్డు లేని కొండ మీదికి తల మీద ఎత్తుకుపోవడం ఎవరి వల్ల అవుతుంది? దీనికి పరిశోధకులు చెప్పిన మార్గం ఉంది. మొత్తం చేను పులుపు ఒక్కసారే విరవనక్కర్లేదు. వేరు మొలిచే సాలులో మాత్రం విరిస్తే చాలు. పూర్తి మోతాదులో పదో వంతును ప్రతి పంటకూ సాళ్లలో వేయాలి. దేశంలోని పులుపు నేలల్లో హెక్టారుకు 2 నుంచి 4 క్వింటాళ్లు, అంటే ఎకరాకు సుమారు 80 నుంచి 160 కిలోలు సాలులో వేయడం సిఫారసుగా ఉంది. మన ఉదాహరణలో 8 క్వింటాళ్లకు పదో వంతు 80 కిలోలు. రెండు బస్తాలు కూడా లేదు.

వేసే విధం చూడండి. అడుగున్నర దూరంలో సాళ్లు తీయండి. ఎకరాకు 80 కిలోలు అంటే పది అడుగుల సాలుకు సుమారు 28 గ్రాములు. ఒక అగ్గిపెట్టె నిండా పట్టే పొడి కాస్త అటూఇటూగా ఆ తూకమే వస్తుంది. ఒకసారి కిరాణా కొట్టులో తూచి చూసుకుంటే ధైర్యం. సాలులో రాల్చి, కర్రతో గాని చేత్తో గాని మట్టిలో కలిపి, పైన మట్టి కప్పండి. వారం పది రోజులు ఆగి, ఒక వాన పడ్డాక అదే సాలులో విత్తనం, ఎరువు వేయండి.

ఏటా ఇలా వేస్తూ పోతే పులుపు మెల్లగా దిగుతుంది. సూచిక 5.5కూ 6కూ మధ్యకు తెస్తే చాలు. 7కు తేవాలని చూడవద్దు.

బూడిద, పశువుల ఎరువు

పొయ్యి బూడిద మంచి విరుగుడు. సున్నపురాయి పొడితో పోలిస్తే దాని బలం మూడో వంతు నుంచి సగం వరకు ఉంటుంది, పొటాష్ అదనం. కాని ఎంత దొరుకుతుందో లెక్క చూసుకోవాలి. కట్టెలో బూడిద బరువు నూటికి ఒక పాలు, అటూఇటూ. రోజుకు పది కిలోల కట్టెలు కాల్చే ఇంట్లో ఏడాదికి 30 నుంచి 40 కిలోలు వస్తుంది. సాలు పద్ధతిలో అది 15 నుంచి 20 సెంట్లకు సరిపోతుంది. పెరటి కూరగాయలకు, కంది సాళ్లకు వాడుకోండి. బూడిదను వానకు తడవకుండా దాచాలి. తడిస్తే సారమంతా కారిపోతుంది.

పశువుల ఎరువు, కంపోస్టు చేసే మేలు వేరు. అవి పులుపును పెద్దగా విరవవు గాని కరిగిన అల్యూమినియాన్ని పట్టి బంధించి వేరుకు తగలకుండా చేస్తాయి. నీటిని నిలుపుతాయి. ఎకరమంతా చల్లేంత ఎరువు లేనప్పుడు దాన్ని కూడా సాలులోనే వేయండి. చేలో ఆకు, చొప్ప కాల్చవద్దు. దాన్ని వాలుకు అడ్డంగా పరచండి.

ఎరువుల్లో జాగ్రత్తలు

* 45 కిలోల యూరియా బస్తా పుట్టించే పులుపు విరవడానికి సుమారు 36 కిలోల సున్నపురాయి పొడి కావాలి. అమ్మోనియం సల్ఫేట్ అయితే 100 కిలోలకు సుమారు 110 కిలోలు. అందుకని ఈ నేలల్లో అమ్మోనియం సల్ఫేట్ వాడకం మంచిది కాదు.
* భాస్వరానికి సూపర్ ఫాస్ఫేట్ వేయండి. అందులో భాస్వరం 16 శాతమే అయినా సున్నం, గంధకం కూడా ఉంటాయి. వెదజల్లకుండా సాలులో విత్తనానికి కాస్త పక్కగా, కిందుగా వేస్తే ఇనుము, అల్యూమినియం పట్టేసేది తగ్గుతుంది.
* రాతి భాస్వరం పొడి మామూలు నేలల్లో కరగదు. పులుపు నేలలో మాత్రం నెమ్మదిగా కరుగుతుంది. కాఫీ, మిరియాలు, పండ్ల మొక్కల వంటి ఏళ్ల తరబడి ఉండే పంటలకు ఇది చవక. అయితే దానితో పాటు సున్నం వేయకూడదు. పులుపు విరిగితే అది కరగడం ఆగిపోతుంది.
* సున్నాన్ని గాని బూడిదను గాని యూరియాతో, డి.ఎ.పి.తో కలిపి వేయవద్దు. నత్రజని ఘాటు వాసనగా గాలిలో కలిసిపోతుంది.

ఏ పంటకు సున్నం, ఏ పంటకు వద్దు?

ఉన్న కొద్ది సున్నాన్ని ఎక్కడ వేయాలో తెలుసుకుంటే డబ్బు కలిసొస్తుంది. కంది, సోయా చిక్కుడు వంటివి సున్నానికి బాగా స్పందిస్తాయి. వేరుశనగ, మొక్కజొన్న, జొన్న, బఠాణి మధ్యస్థం. సామ, చోడి వంటి చిరుధాన్యాలు, వరి, బంగాళాదుంప పులుపును ఓర్చుకుంటాయి. కనుక మార్పిడి పద్ధతి పెట్టుకోండి. సున్నం వేసిన సాలులో కందిగాని రాజ్మాగాని వేయండి, మిగిలిన మేలును మరుసటి ఏడు సామకు, చోడికి వదలండి.

రాజ్మా: అల్యూమినియం విషానికి ఇది తట్టుకోలేదు. పప్పు జాతే అయినా తన నత్రజనిని తాను సరిగా పట్టుకోలేదు. కందిలాగా వదిలేయకుండా పశువుల ఎరువు, నత్రజని ఇవ్వాలి. సున్నానికి మొదటి వాటా దీనికే.

కంది, వేరుశనగ: విత్తనానికి సున్నపు పూత పెట్టవచ్చు. ముందు చల్లార్చిన పలుచని బెల్లం పాకం విత్తనానికి పట్టించి, ఆ పంటకు చెందిన రైజోబియం పొడి కలపాలి. తర్వాత పిండిలా మెత్తని సున్నపురాయి పొడిని గింజకు గింజ విడేవరకు అద్దాలి. నీడన ఆరబెట్టి ఆ రోజే విత్తాలి. పులుపు నేలలో పడ్డ రైజోబియానికి ఆ పూత గొడుగులా పని చేస్తుంది. గోడ సున్నం మాత్రం వాడకూడదు. అది రైజోబియాన్నే చంపేస్తుంది.

కాఫీ: అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కాఫీకి కొద్దిపాటి పులుపు ఇష్టమే, సూచిక 6 నుంచి 6.5 వరకు బాగుంటుంది. అంతకంటే బాగా దిగితే పరీక్ష ప్రకారం వరసల మధ్య సున్నం చల్లి, పైపైన మాత్రమే కలపాలి. కాఫీ పీచు వేర్లు పైనే ఉంటాయి, లోతుగా తవ్వితే తెగుతాయి. కింద రాలిన ఆకును ఊడ్చేయకండి.

పల్లపు వరి: నీరు నిలిస్తే పులుపు నేల సూచిక తనంతట తానే 6.5 దాకా లేస్తుంది. కనుక మడికి మామూలుగా సున్నం అక్కర్లేదు. కొండ ఊట దిగే మళ్లలో మాత్రం ఇనుము బాధ ఉంటుంది. నీటి మీద తుప్పు రంగు నూనెలాంటి తెట్టు, ముదురు ఆకుల కొనల నుంచి గోధుమ రంగు చుక్కలు కనపడతాయి. కొండ అంచున కాలువ తీసి ఊట నీటిని మళ్లించండి. మడిని అప్పుడప్పుడు ఆరగట్టి మళ్లీ నీరు పెట్టండి. పొటాష్ తక్కువ కాకుండా చూడండి.

రాయిని పనికి పెట్టండి

వేసిన సున్నం, ఎరువు తొలకరి వరదకు గెడ్డలో కలిస్తే పై మాటలన్నీ వృథా. దీనికి మందు మన చేలోనే ఉంది. అదే రాయి.

నాగలికి, పారకు అడ్డొచ్చే పెద్ద రాళ్లు ఏరండి. పిడికిలి కంటే చిన్నవి వదిలేయండి. పైన పరుచుకుని ఉన్న చిన్న రాళ్లు వాన చినుకు దెబ్బను కాస్తాయి, ఎండకు తడి ఆరకుండా కాపాడతాయి. ఏరిన పెద్ద రాళ్లతో వాలుకు అడ్డంగా రాతి కట్ట కట్టండి. అరడుగు లోతు పునాది తీసి, పెద్ద రాళ్లు కింద, చిన్నవి పైన పేర్చాలి. సిమెంటు అక్కర్లేదు. నీరు సందుల్లోంచి పోతుంది, మట్టి ఆగుతుంది. కొన్నేళ్లకు కట్ట ఎగువన మట్టి నిండి మెట్టులా తయారవుతుంది.

కట్ట సమమట్టంలో ఉండాలి. వంకరైతే నీరంతా ఒక మూలకు చేరి గండి కొడుతుంది. మట్టం చూడడానికి మూడు కర్రలతో ‘ఏ’ అక్షరం ఆకారంలో చట్రం కట్టుకోండి. రెండు కాళ్లు ఆరేసి అడుగులు, మధ్యన అడ్డకర్ర. పై ముడి నుంచి తాడుకు రాయి కట్టి వేలాడదీయండి. చట్రాన్ని రెండు గుర్తుల మీద నిలబెట్టి తాడు అడ్డకర్రకు తగిలే చోట గీత పెట్టండి. కాళ్లు తారుమారు చేసి అవే గుర్తుల మీద నిలబెట్టి రెండో గీత పెట్టండి. రెండు గీతల నడుమ సరిగ్గా మధ్యన గుర్తు పెడితే అదే సమమట్టం. ఇక తాడు ఆ గుర్తు మీద నిలిచే చోటల్లా మేకు కొడుతూ పోతే గట్టు దారి తయారు. దుక్కి, సాలు కూడా ఈ దారి వెంటే సాగాలి. వాలు వెంట పైనుంచి కిందికి దున్నితే ప్రతి సాలూ ఒక కాలువ అవుతుంది.

రైతులు అడిగే సందేహాలు

*ఒకసారి పూర్తి మోతాదు వేస్తే ఎన్నాళ్లు ఉంటుంది?*
మూడు నాలుగేళ్లు ఉంటుంది. వాన, పంట, ఎరువు మళ్లీ పులుపు తెస్తూనే ఉంటాయి. మూడేళ్లకోసారి మట్టి పరీక్ష చేయించి చూసుకోండి.

*బంగాళాదుంప వేయబోతున్నాను. ముందు సున్నం వేయనా?*
వద్దు. దుంప మీద గజ్జి తెగులు పెరుగుతుంది. దుంప తీసేశాక తర్వాతి పంటకు వేయండి.

*మేం రసాయన ఎరువులు వాడం. సున్నం వేయవచ్చా?*
గని నుంచి తీసిన సున్నపురాయి, డోలమైట్, కట్టె బూడిద సేంద్రియ సాగులో వాడదగినవే. ధ్రువీకరణ ఉన్న సంఘంలో సభ్యులైతే ముందు సంఘంలో చెప్పి వేయండి.

*సున్నం వేశాక ఎరువు తగ్గించవచ్చా?*
సున్నం ఎరువు కాదు, ఎరువు పని చేయడానికి దారి తెరుస్తుంది. ఆ దారిన పంట ఎక్కువ సారం తీసుకుంటుంది. పశువుల ఎరువు వేయకుండా సున్నం ఒక్కటే వేస్తూ పోతే నాలుగేళ్లకు నేల ఇంకా బక్కచిక్కుతుంది.

ఈ ఏడు చేయవలసినది

చేనంతా ఒక్కసారి మార్చమని ఎవరూ అనరు. ముందు పది సెంట్లు కొలుచుకోండి. వేసవిలో మట్టి నమూనా ఇచ్చి, రాళ్ల లెక్క వేసుకోండి. మే జల్లులకు అయిదు సెంట్ల సాళ్లలో సున్నం వేయండి, పక్కనే అయిదు సెంట్లు వేయకుండా వదలండి. మోతాదు ఎకరాకు 80 కిలోలైతే అయిదు సెంట్లకు నాలుగు కిలోలే పడుతుంది. రెండింటిలో ఒకే రోజు, ఒకే విత్తనం, ఒకే ఎరువు వేయండి. నలభై రోజులకు రెండు వైపులా చెరి నాలుగు మొక్కలు తవ్వి వేర్లు పక్కపక్కన పెట్టి చూడండి. కోతప్పుడు రెండు కుప్పలు వేరుగా నూర్చి తూచండి. ఆ తూకం చూసి, వచ్చే ఏడు సున్నం ఎన్ని సెంట్లకు వేయాలో ఇంట్లో అందరూ కూర్చుని తేల్చుకోండి.